అసిరయ్య బొమ్మ పరారీ

గరివాడ సబ్ జైలు గురించి ఈ మధ్య నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుకుంటున్నారు. టీ కొట్టు దగ్గర నన్ను చూడగానే నవ్వాపుకోలేక గ్లాసు పక్కన పెట్టేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ జైలు ఆఫీసులో హెడ్ గుమాస్తాని కాబట్టి నాకు అది కష్టంగా ఉంటుంది. జరిగిందంతా రూలు ప్రకారమే జరిగింది. రూలు ప్రకారం జరిగినదాన్ని చూసి నవ్వడం మన దేశంలో ఇంకా నేరం కాలేదు గనక ఊరుకుంటున్నాను గానీ, పూర్తి సంగతి తెలిస్తే ఆ నవ్వినవాళ్ళే మా సూపరింటెండెంటు సర్వారాయుడు గారికి దండ తెచ్చి వేస్తారని నా నమ్మకం.

ఇకమీదట ఖైదీలను వ్యానెక్కించి కోర్టుకి తీసుకెళ్ళనక్కర్లేదు, జైల్లోనే టీవీ ముందు నిలబెట్టి వీడియోలో హాజరుపరిస్తే చాలునని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వెనకే ఒక పెట్టె వచ్చింది. పెట్టె వెనకే దాన్ని బిగించడానికి విశాఖపట్నం నుంచి వినూత్న అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. పెట్టె చీరల అట్టపెట్టె కన్నా పెద్దదేం కాదు. ముందువైపు పచ్చ దీపాలు, వెనకవైపు రెండు తీగలు. ఒక తీగ జైలు లోపలికి, రెండోది బయటికి.

సర్వారాయుడు గారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీని డ్యూటీ ఏమిటమ్మా?" అని అడిగారు.

"దీన్ని వీడియో గేట్‌వే అంటారండి. వాకిలి లాంటిదనుకోండి. లోపలున్న మనిషి బొమ్మ, మాట ఇందులోంచి కోర్టుకి వెళ్తాయి. జడ్జి గారి బొమ్మ, మాట ఇందులోంచి లోపలికొస్తాయి. ఎవర్ని పంపాలి, ఎవర్ని ఆపాలి అన్నది ఫైర్‌వాల్ చూసుకుంటుంది. ఏ దారిన పంపాలో రూటింగ్ చెప్తుంది. రూల్సు నేను రాసేస్తానండి, సాయంత్రానికి అయిపోతుంది," అంది ఆ అమ్మాయి.

అంత చదువుకున్న పిల్ల ఒక జైలు సూపరింటెండెంటు ఎదుట "వాకిలి", "బయటికి వెళ్తాయి", "రూల్సు నేను రాసేస్తాను" అనే మూడు ముక్కలూ ఒకే గుక్కలో అనకుండా ఉండాల్సింది.

"బయటికా?" అన్నారు సర్వారాయుడు గారు. "ఖైదీ బొమ్మ ఈ గోడ దాటి బయటికి వెళ్తుందా?"

"వెళ్ళకపోతే జడ్జి గారికి ఎలా కనిపిస్తాడండి?"

"ఖైదీది వెంట్రుక కూడా గేటు పాసు లేకుండా ఇక్కణ్ణించి కదలదు. నువ్వు ఏకంగా మొహమే వెళ్ళిపోతుందంటున్నావు. సన్యాసిరావు గారూ, నోట్ పెట్టండి."

నేను నోట్ పెట్టాను. ఖైదీ బొమ్మ జైలు దాటడం ఖైదీ జైలు దాటడంతో సమానమేనని, అందువల్ల మనిషికి వర్తించే నిబంధనలన్నీ బొమ్మకీ వర్తింపజేయవచ్చునని అందులో రాశాను. ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. చరిత్ర అక్కడ మొదలైంది.

అప్పటికి మా జైల్లో కోర్టు పిలుపు కోసం చూస్తున్నవాళ్ళలో మొదటివాడు అసిరయ్య. వాడు చేసిన ఘోరం ఏమిటంటే పంచాయతీ కుళాయి విరగ్గొట్టడం. ఎండలో దుక్కి దున్ని వస్తూ ఎద్దుకి నీళ్ళు పట్టబోతే కుళాయి పిడి బిగుసుకుపోయింది. రాయి తీసుకుని ఒక్కటిచ్చాడు. కుళాయి ఊడి చేతికొచ్చింది. సర్పంచి అవతలి పార్టీ వాడు కావడంతో అది ప్రభుత్వ ఆస్తి విధ్వంసం అయింది. పట్టుకున్న రోజు సెలవు కావడంతో ఇన్‌ఛార్జిగా ఉన్న వేరే ఊరి మెజిస్ట్రేటు కాగితంలోంచి తలెత్తకుండానే రిమాండు రాసేశారు. మా మెజిస్ట్రేటు గారు ఒక్క నిమిషం వాడి మొహం చూసి, మాట వింటే మందలించి వదిలేసే కేసు. వాడికి కావలసింది ఆ ఒక్క నిమిషమే.

వాడి తొందర వాడిది. ములాఖత్ రోజున వాడి పెళ్ళాం పైడితల్లి ఊచల అవతల నిలబడి చెప్పడం నేను విన్నాను.

"నిన్నా తిన్నేదు, ఇయ్యాలా తిన్నేదు. గడ్డి ముందరేస్తే మూతి తిప్పేసుకుంతంది. దాని డొక్కలు సూడ్డానికి నాకు మనసొప్పడం నేదు. నీ గొంతు ఇనపడితే గానీ అది తినదు. ఎప్పుడొస్తావు?"

"ఒలే, ఏడవకు. టీవీ బిగించేస్తన్నారంట. అదైపోతే జడ్జమ్మ సూసేసి ఒగ్గేస్తాది. అందాకా పశువులాసుపత్రికి తోలుకెల్లి సూది ఏయించు."

చిన్నప్పుడు తల్లి చచ్చిపోతే వాడు సీసాతో పాలు పట్టి పెంచిన ఎద్దు అది. వాడి చేత్తో తప్ప ఇంకొకరి చేత్తో మేత ముట్టలేదట. పశువులకు కూడా ఇంత పట్టుదల ఉంటే ప్రభుత్వం ఎలా నడుస్తుందని సర్వారాయుడు గారు అన్నారు గానీ, ఆ సాయంత్రం టీ ఆయన కూడా ముట్టలేదు.

ఇక రూల్సు రాయడం మొదలైంది. వినూత్న వరసగా రాసుకుంటూ వచ్చింది. కోర్టు నుంచి వచ్చే వీడియోని రానివ్వాలి. కోర్టుకి వెళ్ళే వీడియోని పోనివ్వాలి. అన్నిటికన్నా అడుగున, మిగతా ఎవరినీ పోనివ్వరాదు, రానివ్వరాదు.

సర్వారాయుడు గారు తెర మీద వేలుపెట్టి, "ఎవరినీ పోనివ్వరాదు అన్నది అడుగున ఎందుకుంది?" అన్నారు.

"యంత్రం పైనుంచి చదువుతుందండి. మొదట ఏ రూలు సరిపోతే దాన్నే పాటిస్తుంది. కిందవి ఇంక చూడదు. అందుకని అన్నిటినీ ఆపే రూలు ఆఖర్న ఉండాలి."

"చూడమ్మా. ఎవరినీ పోనివ్వరాదు అన్నది జైలుకి మూలసూత్రం. మూలసూత్రాన్ని తీసుకెళ్ళి కింద కూర్చోబెడతావా? రేపు డి.ఐ.జి. గారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఆయనా పైనుంచే చదువుతారు. మొదటి లైన్లోనే 'పోనివ్వవచ్చును' అని ఉంటే నా ఉద్యోగం ఏం కావాలి?"

"కానీ అది పైన పెడితే ఏదీ వెళ్ళదండి."

"వెళ్ళకపోవడమేనమ్మా జైలంటే."

రూలు పైకి ఎక్కింది. అయితే దాన్ని అమలు చేయడం దగ్గర ఇంకొక చిక్కు వచ్చింది. ఆ పెట్టెలో కొత్త రూల్సు పెట్టాక పదిహేను సెకన్లలోగా "సరే" అని నొక్కాలట. నొక్కకపోతే ఎవరో పొరపాటు చేశారనుకుని యంత్రం తనంతట తాను పాత రూల్సుకి వెళ్ళిపోతుందట.

"సరే అని ఎవరు నొక్కాలి?" అన్నారు సర్వారాయుడు గారు.

"ఎవరైనా నొక్కచ్చండి."

"ప్రభుత్వంలో ఎవరైనా అనే పోస్టు లేదమ్మా. కాంపిటెంట్ అథారిటీ అని ఒకరుంటారు. సన్యాసిరావు గారూ, కానివ్వండి."

ఆ అమ్మాయి రూల్సు అమల్లో పెట్టింది. "సరే అనవచ్చునా?" అని నేను నోట్ రాసి జైలరు గారికిచ్చాను. ఆయన "చర్చించండి" అని రాశారు. చర్చించాము. సర్వారాయుడు గారు కళ్ళజోడు వెతుక్కుని "సరే అనవచ్చును" అని సంతకం చేసి తలెత్తేసరికి యంత్రం పాత రూల్సుకి వెళ్ళిపోయి చాలాసేపయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వెళ్ళిపోయింది. మూడోసారి సర్వారాయుడు గారికి కోపం వచ్చి, పై అధికారి ఆమోదం పెండింగులో ఉండగా ఏకపక్షంగా వెనక్కి వెళ్ళినందుకు సంజాయిషీ ఎందుకు కోరరాదో తెలపమని పెట్టె పేరిట మెమో ఇచ్చారు. మెమో పెట్టె మీద అంటించాము. పెట్టె సంజాయిషీ ఇవ్వలేదు.

చివరికి ఉపాయం నేనే చెప్పాను. నేను, జైలరు గారు, సూపరింటెండెంటు గారు ఒకే బల్ల మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నాము. మూడు పెన్నులకీ మూతలు ముందే తీసిపెట్టుకున్నాము. వినూత్న "ఊఁ" అనగానే కాగితం నా ఒళ్ళోంచి ఆయన ఒళ్ళోకి, ఆయన ఒళ్ళోంచి ఈయన ఒళ్ళోకి పరిగెత్తింది. సర్వారాయుడు గారు సంతకం చివర గీత గీస్తూనే "నొక్కు!" అని కేక వేశారు. నొక్కింది. రూల్సు నిలబడ్డాయి. జైలరు గారికి కన్నీళ్ళు వచ్చాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక ఫైలు అంత వేగంగా కదలడం తను చూడలేదన్నారు.

మొదటి వాయిదా రోజున అసిరయ్య తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని టీవీ ముందు నిలబడ్డాడు. "అమ్మా, నాను కావాలని ఇరగ్గొట్టలేదమ్మా," అని మొదలెట్టి కుళాయి కథంతా చెప్పాడు. చక్కగా చెప్పాడు. మేమంతా విన్నాము. కోర్టులో మాత్రం తెర నల్లగా ఉంది. ముద్దాయి హాజరు కాలేదని రాసుకుని మెజిస్ట్రేటు గారు వాయిదా వేశారు.

"జడ్జమ్మ ఏటన్నారు బాబూ?" అని అసిరయ్య నన్ను అడిగాడు.

"నీ బొమ్మ గోడ దాటలేదురా."

వాడు గోడ వైపు ఒకసారి, పెట్టె వైపు ఒకసారి చూశాడు. "నన్ను అట్టుకెల్లిపొండి బాబూ. సోమలింగపేట కోర్టు ఎంత దూరం? నడిసెల్లిపోతాను," అన్నాడు. అది ఉత్తర్వుకి విరుద్ధమని చెప్పాను.

సర్వారాయుడు గారు మూర్ఖులు కారు. బొమ్మ బయటికి వెళ్ళక తప్పదని ఆయనకీ అర్థమైంది. కాకపోతే పద్ధతిగా వెళ్ళాలన్నారు. అందుకని పై రూలుకి మినహాయింపుగా దాని నెత్తిన ఇంకొక రూలు పెట్టించారు. ఎస్కార్టు ఉన్న బొమ్మ వెళ్ళవచ్చును. అసిరయ్యకి చెరోపక్క ఒక కానిస్టేబులు తుపాకీతో కెమెరాలో నిలబడాలి. దాలినాయుడనే కానిస్టేబులు, "సార్, ఈడు ఇక్కడే ఉన్నాడు గదా, ఎక్కడికి పారిపోతాడు?" అని అడిగాడు.

"వాడు కాదయ్యా. వాడి బొమ్మ," అన్నారు ఆయన. "దారిలో దూకేస్తే?"

మాట విషయం ఇంకా సున్నితమైనది. మాట, బొమ్మ వేర్వేరు తలుపుల్లోంచి వెళ్తాయని వినూత్న ఎప్పుడో నోరు జారింది. బొమ్మకి ఎస్కార్టు ఉండి మాటకి లేకపోతే మాట ఒక్కతే పోతుంది కదా. కాబట్టి అసిరయ్య నోరు తెరిచే ముందు దాలినాయుడు "ముద్దాయి మాట బయలుదేరుతోంది" అనాలి. వాడు నోరు మూశాక రెండో కానిస్టేబులు "ముద్దాయి మాట ముగిసింది" అనాలి. రెండు రోజులు డ్రిల్లు చేయించాము.

ఇదంతా వెళ్ళేవాళ్ళ సంగతి. మరి వచ్చేవాళ్ళ మాట? రెండో వాయిదా రోజున మెజిస్ట్రేటు గారి బొమ్మ మా గేట్‌వే దగ్గరికొచ్చి ఆగిపోయింది. బయటి వ్యక్తి ఎవరైనా జైల్లోకి రావాలంటే ములాఖత్ పాసు కావాలి. పాసు మీద ఖైదీకి ఏమవుతారో రాయాలి. ఆ వివరం నింపేదాకా లోపలికి రానివ్వకుండా సర్వారాయుడు గారు రూలు పెట్టించారు. కోర్టు నుంచి బెంచి గుమాస్తా ఫోను చేశాడు.

"ఏమండీ, ఇక్కడ మా మేడమ్‌ని ముద్దాయికి ఏమవుతారని అడుగుతోంది తెర. ఏం రాయమంటారు?"

"ఉన్నదే రాయండి," అన్నాను.

"ఏమీ కారండీ!"

"ఏమీ కానివాళ్ళకి ములాఖత్ లేదండీ."

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత మెజిస్ట్రేటు గారి గొంతే వినిపించింది. గట్టిగా ఏమీ లేదు, చాలా నెమ్మదిగా ఉంది. "జడ్జిని అవుతాను అని రాసుకోండి," అన్నారు. మేము రాసుకున్నాము. అయితే స్త్రీ సందర్శకుల్ని తనిఖీ చేయడానికి మహిళా వార్డరు ఆ రోజు సెలవులో ఉంది. మళ్ళీ వాయిదా పడింది.

ఆ సాయంత్రం అసిరయ్య ఊచలు పట్టుకుని ఏడ్చాడు. ఎద్దుని పశువుల ఆసుపత్రిలోనే కట్టేశారట. సెలైను పెట్టారట. వారం దాటితే కష్టమని డాక్టరు అన్నాడట. నాకు ఇంట్లో అన్నం సహించలేదు. ఆ సంగతి నేను నోట్‌లో పెట్టలేదు, అందుకు కాలమ్ లేదు.

మూడో వాయిదాకి అన్నీ సిద్ధం. మహిళా వార్డరు వచ్చింది. కానిస్టేబుళ్ళ బూట్లు మెరుస్తున్నాయి. ఇక ఏ అడ్డూ లేదనుకుంటుండగా సర్వారాయుడు గారు, "బొమ్మ ఏ దారిన వెళ్తోంది?" అని అడిగారు.

"నేరుగా కోర్టుకండి. ప్రభుత్వం లైను మధ్యలో ఉంది, దాని మీద సూటిగా వెళ్ళిపోతుంది," అంది వినూత్న.

"సూటిగా వెళ్ళడానికి లేదు. ఎస్కార్టుకి ఆమోదించిన రూటు ఒకటుంది. ఆ రూటు తప్పితే ప్రయాణభత్యం బిల్లు పాసవదు. ఇక్కణ్ణించి పోలీసు స్టేషను. అక్కడ సంతకం. అక్కణ్ణించి పశువుల ఆసుపత్రి జంక్షను. అక్కడ భోజన విరామం. తర్వాత కోర్టు. వ్యాను అలాగే వెళ్ళేది, బొమ్మా అలాగే వెళ్ళాలి."

ఆ అమ్మాయి వెళ్ళి కీబోర్డు ముందు కూర్చుంది. అప్పటికి తనకి మా పద్ధతి కొంత అలవాటైంది. ఆ ఆఫీసులన్నీ ఒకే లైను మీద ఉన్నాయి, అన్నిచోట్లా మీటింగుల కోసం ఇచ్చిన కెమెరా టీవీలున్నాయి. ఆయన చెప్పిన క్రమంలోనే ఒకదాని తర్వాత ఒకటి రూట్లు రాసింది. మేము బల్ల మీద భుజాలు కలిపి కూర్చుని సంతకాలు పెట్టాము.

అసిరయ్య బొమ్మ బయలుదేరింది. పోలీసు స్టేషను టీవీలో కనిపించింది. అక్కడి హెడ్డు కంగారుపడి లేచి నిలబడి సంతకం చేశాడు. అక్కణ్ణించి పశువుల ఆసుపత్రికి చేరి, రూలు ప్రకారం భోజన విరామానికి ఆగింది.

ఆసుపత్రి వరండాలో టీవీ గోడకి కొట్టి ఉంటుంది. దాని ఎదురుగానే ఎద్దుని పడుకోబెట్టారు. పైడితల్లి దాని మెడ నిమురుతూ కూర్చుని ఉంది. తర్వాత ఆవిడే నాకు చెప్పింది. టీవీలో ఉన్నట్టుండి మొగుడు, చెరోపక్క తుపాకీలు. "ముద్దాయి మాట బయలుదేరుతోంది" అని దాలినాయుడు అరిచాడు. కోర్టు వచ్చిందనుకుని అసిరయ్య చేతులు జోడించాడు.

"అమ్మా, తమరికి దండాలమ్మా. నాకోసం కాదమ్మా. నోరునేని పశువది. నన్ను సూడకపోతే తినదమ్మా. దాని మొకం సూసి ఒగ్గేయండమ్మా..."

ఎద్దు చెవులు నిక్కబొడుచుకుంది. తల ఎత్తింది. టీవీ వైపు తిరిగి ఒక్క రంకె వేసిందట. డాక్టరు గారు ఆవుదూడకి వేస్తున్న సూది వదిలేసి పరిగెత్తుకొచ్చారు. పైడితల్లి గడ్డిపరక అందిస్తే టీవీనే చూస్తూ నమిలింది. ఇక్కడ మా వైపు తెర మీద మాత్రం మెజిస్ట్రేటు గారికి బదులు ఒక ఎద్దు మొహం, పక్కన పైడితల్లి కనబడేసరికి అసిరయ్య మాట మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత వాడు మాట్లాడిందంతా ఎద్దుతోనే. "తినరా నాయినా, తిను," అంటూనే ఉన్నాడు. రెండో కానిస్టేబులు "ముద్దాయి మాట ముగిసింది" అనడం మర్చిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతలో కరెంటు పోయింది.

కోర్టులో ఆ రోజు కూడా ముద్దాయి హాజరు కాలేదు.

అసలు కష్టం సాయంత్రం లాకప్ వేళకి వచ్చింది. సర్వారాయుడు గారు లెక్క చూసుకున్నారు. "పొద్దున బయటికి వెళ్ళిన బొమ్మ తిరిగి వచ్చిందా?"

"రాలేదండి," అన్నాను.

వినూత్న మధ్యలో కలగజేసుకుంది. "బొమ్మ తిరిగి రావడం ఉండదండి. వెళ్ళింది కాపీ. ఒరిజినల్ ఇదిగో, ఇక్కడే ఉన్నాడు కదా."

"కాపీయా? మరి అటెస్ట్ చేసిందెవరు?"

"అంటే..."

"గెజిటెడ్ అధికారి అటెస్ట్ చేయని కాపీ ఏ ఆఫీసులోనూ చెల్లదమ్మా. చెల్లదంటే అది కాపీ కాదు. కాపీ కాకపోతే వెళ్ళింది ఒరిజినలే." ఆయన నా వైపు తిరిగారు. "సన్యాసిరావు గారూ, అసిరయ్య పరారయ్యాడు. స్టేషనుకి రిపోర్టు పంపండి. ఎస్కార్టు వాళ్ళిద్దరూ వెంటాడుతూ వెళ్ళినట్టు రాయండి."

దాలినాయుడు పక్కనే నిలబడి ఉన్నాడు. వెంటాడుతూ వెళ్ళినవాడు జైల్లో ఉండకూడదు కాబట్టి సెల్యూట్ కొట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

అసిరయ్య బిక్కమొహం వేశాడు. "నాను పారిపోతే, మరి ఈ నిలబడినోడు ఎవుడు బాబూ?"

"అది నువ్వే చెప్పాలి," అన్నారు సర్వారాయుడు గారు. "అసిరయ్య రికార్డు ప్రకారం బయట ఉన్నాడు. లాకప్ వేళ దాటాక సంబంధం లేని మనిషి జైల్లో ఉంటే నా పీకల మీదికొస్తుంది. వార్డర్, ఈయన్ని బయటికి పంపించెయ్."

ఇక్కడ ఊళ్ళో జనం నమ్మని సంగతి ఒకటి చెబుతాను. అసిరయ్య వెళ్ళనన్నాడు. గేటు ఊచల్ని లోపలివైపు నుంచి రెండు చేతులతో కరుచుకున్నాడు. "నానెల్లను బాబూ! బెయిలు నేకుండా ఎల్తే పారిపోనానని మల్లా అట్టుకొస్తారు. అప్పుడు కుళాయి కేసు కాదు, పెద్ద కేసైపోతాది. నన్ను నోపలే ఉంచీయండి, మీ కాల్లట్టుకుంతాను," అని బావురుమన్నాడు. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. మా జైలు పుట్టాక లోపలికి రాకుండా పెనుగులాడినవాళ్ళని చూశాము గానీ బయటికి పోకుండా పెనుగులాడినవాణ్ణి చూడలేదు. వాడిని అవతలికి తోసి గేటు మూసినప్పుడు నాకు సిగ్గేసింది. ఆ మాట ఇక్కడ రాయడానికి నాకే అభ్యంతరమూ లేదు.

మర్నాడు పొద్దున్నే పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు. వెతకనక్కర్లేకపోయింది. పశువుల ఆసుపత్రిలో ఎద్దు మెడ చుట్టూ చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పట్టుకున్నది దాలినాయుడే. పరారీ అయి కొత్తగా పట్టుబడ్డవాణ్ణి ఇరవైనాలుగు గంటల్లోగా మనిషిగానే కోర్టులో నిలబెట్టాలి, అక్కడ వీడియో చెల్లదు. అలా మా సూపరింటెండెంటు గారి ముందుచూపు వల్ల అసిరయ్య మొట్టమొదటిసారి మెజిస్ట్రేటు గారి ఎదుట స్వయంగా నిలబడ్డాడు. రికార్డు పట్టుకుని నేనూ వెళ్ళాను.

"జైల్లోంచి ఎలా పారిపోయావు?" అని ఆవిడ అడిగారు.

"పారిపోలేదమ్మా. గెంటేసినారు."

ఆవిడ నా వైపు చూశారు. నేను రికార్డు చదివాను. కాపీ, అటెస్టేషన్, భోజన విరామం, అన్నీ చదివాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలాసేపు చేత్తో నుదురు రుద్దుకున్నారు.

"కుళాయి బాగు చేయిస్తావా?"

"వారం తిరక్కుండా ఏయిస్తానమ్మా. ఇంకో రెండేళ్ళు ఊడకుండా బిగిస్తాను."

అంతే. నిమిషం పట్టలేదు. సొంత పూచీ మీద వదిలేశారు. పరారీ కేసులో పారిపోయినట్టు ఎవరూ కనిపించడం లేదని కొట్టేశారు. అసిరయ్య వంగి దండం పెట్టాడు గానీ కదలలేదు.

"ఇంకేమిటి?"

"అమ్మా, కోప్పడకండి. నన్ను ఒగ్గేసినారు, మరి నా బొమ్మ? అది ఆ పెట్టెలోనే ఉండిపోనాదో, దార్లోనే ఉండిపోనాదో. రేపు ఆల్లకి అది దొరికితే మల్లా నన్నే అట్టుకెల్తారు. ఆ జైలు పెద్దబాబు మంచోడే గానీ రూలంటే ఇనడు. దాన్ని కూడా ఒగ్గీమని ఓ ముక్క రాసీండమ్మా."

హాల్లో అందరూ నవ్వారు. మెజిస్ట్రేటు గారు మాత్రం నవ్వలేదు. మా శాఖని అంత బాగా అర్థం చేసుకున్నవాడిని ఆవిడ అప్పుడే చూశారనుకుంటాను. కలం తీసుకుని ఆర్డరు కింద స్వయంగా రాశారు. "సదరు అసిరయ్య బొమ్మను గానీ మాటను గానీ జైలు లోపల, గేట్‌వేలో, లేదా మార్గమధ్యంలో ఏ కారణం చేతనూ నిలిపి ఉంచరాదు. తక్షణం విడుదల చేసి, విడుదల అయినట్టు ధ్రువీకరించవలెను. లేనిచో కోర్టు ధిక్కారంగా పరిగణించబడును."

ఆ కాగితం చదివి సర్వారాయుడు గారు కూర్చున్న కుర్చీలోంచి లేచారు. "వినూత్నమ్మా! ఆ బొమ్మ ఎక్కడుంది?"

ఆ అమ్మాయి పెట్టె వైపు తీవ్రంగా ఆలోచిస్తున్నట్టు చూసింది. "అదే చెప్పలేమండి. ఏ తలుపు దగ్గర ఆగిందో ఏమో. కోర్టుకి వెళ్ళే దారిలో తలుపులన్నీ తీసేస్తే గానీ అది వెళ్ళినట్టు నమ్మకం ఉండదు."

"తియ్యి!"

"ఎవరినీ పోనివ్వరాదన్నది కిందికి దింపాలండి."

"దింపు!"

"ఎస్కార్టు రూలుంటే, వాళ్ళు లేకుండా అది ఒంటరిగా కదలదు కదండీ. ములాఖత్ పాసు కూడా దానికి అడ్డం. విరామాలుంటే మళ్ళీ ఎక్కడో ఆగుతుంది, దారి సూటిగా ఉండాలి."

"అన్నీ తీసెయ్యమ్మా, బాబ్బాబు, తీసెయ్!"

తీసేసింది. పదిహేను సెకన్లు మొదలయ్యాయి. నేను నోట్ కోసం కాగితం తీసేలోపు సర్వారాయుడు గారు స్వయంగా బల్ల మీదికి వంగి "సరే" అని నొక్కారు. జైలరు గారు పెన్ను మూత కూడా తీయలేదు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో మా ఖైదీలు టీవీ ముందు నిలబడటం, మెజిస్ట్రేటు గారు చూడటం, వినడం, తేల్చేయడం చిటికెలో జరిగిపోతున్నాయి. బెయిలు రావాల్సినవాళ్ళకి వచ్చేస్తోంది. సగం గదులు ఖాళీ. అసిరయ్య ఈ మధ్య సంతలో కనబడ్డాడు, ఎద్దు నిగనిగలాడుతోంది. కుళాయి కూడా బిగించాడట, పిడి ఇప్పుడు వేలితో తిప్పితే తిరుగుతోందట.

కోర్టుకి ధ్రువీకరణ మాత్రం ఇంకా పంపలేకపోయాము. బొమ్మ వెళ్ళిపోయిందని ఎవరు సంతకం పెడతారు? వినూత్నని ఫోనులో అడిగితే, "వెళ్ళే ఉంటుందండి, కానీ గ్యారంటీ ఇవ్వలేను," అంటుంది. అందుకని సర్వారాయుడు గారు రోజూ పొద్దున ఆఫీసుకి రాగానే టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆ పెట్టె ముందు నిలబడతారు. "అసిరయ్యా, లోపలున్నావా? ఉంటే వెళ్ళిపో నాయనా, నీకు విడుదలైంది," అంటారు. కాసేపు చూస్తారు. పచ్చ దీపాలు మినుకుమంటాయి తప్ప జవాబుండదు.

జవాబు వచ్చేదాకా ఆ తలుపులు మూయడానికి వీల్లేదని నేను నోట్ పెట్టాను. ఆయన సంతకం చేశారు.